నేనే వేసినా పో

మా వైపు ఒక మనిషిని ఒకే మాట రెండోసారి అడిగితే, నీ మాట నేను నమ్మలేదని మొహాన చెప్పినట్టే. మూడోసారి అడిగితే ఇక తగాదాకు కాలు దువ్వినట్టే. ఇది నాకెవరూ నేర్పలేదు. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూనే అయినా రోషం మాత్రం అచ్చంగా ప్రొద్దుటూరుది. "తలుపు గడియ పెట్టినావా" అని మా అమ్మ రెండోసారి అడిగిందంటే, "లేదు, దొంగల్ని పిల్చి లోపల కూర్చోబెట్టినా" అనేదాన్ని. గడియ పెట్టానని అమ్మకు అర్థమయ్యేది. అట్లాంటి నన్ను తీసుకుపోయి, అడిగిందే అడిగే మనిషి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

జమ్మలమడుగు దాటాక రోడ్డు పక్కన బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఒకటుంది. అందులో ఆఫీసు పని నాది. లారీలకు బిల్లులు కొట్టడం, ఫోన్లు ఎత్తడం అని చెప్పి చేర్చుకున్నారు. మేనేజర్ రాజస్థాన్ నుంచి వచ్చినాయన అనీ, ఆయనకు తెలుగు రాదు కాబట్టి ఉర్దూ వచ్చిన పిల్ల కావాలని నన్ను ఏరుకున్నారనీ చేరిన రోజే తెలిసింది. నా ఉర్దూ విని ఆయన పడీపడీ నవ్వాడు. నేను వద్దనడానికి 'నక్కో' అన్నప్పుడల్లా, అవుననడానికి 'హౌ' అన్నప్పుడల్లా నవ్వే. నాకు ఒళ్ళు మండేది. ఆయన హిందీకి వెనకాల మావాళ్ళు ఎంత నవ్వుతున్నారో ఆయనకు చెప్పలేదు, అదీ నా మంచితనం.

మనిషి చెడ్డవాడని అనను. పనివాళ్ళ మీద నోరు పారేసుకోడు, జీతం ఆపడు. కాకపోతే ఏ మాటైనా జంటగా వచ్చేది ఆయన నోట. "ఠీక్ హై ఠీక్ హై." "బైఠో బైఠో." వాళ్ళ వైపు అది మర్యాదంట. ఒక్కసారి అని ఊరుకుంటే మొహం మీద కొట్టినట్టు ఉంటుందంట. అడిగేటప్పుడు కూడా అంతే, అడిగిందే అడిగి ఖాయం చేసుకుంటే తప్ప ఆయనకు నిద్ర పట్టదు. దువ్వూరు లారీ డ్రైవర్‌కు నా చేత ఫోన్ చేయించి, బండి ఎప్పుడొస్తుందో అడగమంటాడు. "మధ్యాహ్నానికి వస్తా పాపా" అంటాడు అతను. మధ్యాహ్నానికేనా అని అడుగు, అంటాడు సార్. అడుగుతాను. "చెప్తిని గదా." పక్కాగా మధ్యాహ్నానికేనా అని అడుగు, అంటాడు మళ్ళీ. అవతలినుంచి, "రాను పో. ఈ నెలంతా రానని చెప్పు మీ సార్‌కు!" సార్ నా మొహం చూసేవాడు, నేను ఆయన మొహం చూసేదాన్ని. మధ్యాహ్నం కాగానే బండి గేటు దగ్గర హారన్ కొట్టేది.

ఇక పాలిష్ మిషన్ దగ్గర బటన్లు చూసే అక్క సంగతి చెప్పాలి. ఆమెది పులివెందుల అవతల పల్లె. మొగుడు పోయాక తమ్ముణ్ణి వెంటబెట్టుకుని జమ్మలమడుగు వచ్చి, బాడుగ గదిలో ఉంటూ ఇక్కడ పనికి కుదిరింది. తర్వాత సార్ వెంటపడి తమ్ముడికీ అదే మిషన్ దగ్గర పని ఇప్పించుకుంది. తమ్ముడు నాకంటే కొంచెం పెద్ద, నెమ్మదస్తుడు. అక్కకు మాత్రం నోరు మూతపడితే ఊపిరాడదు. నన్ను చూసిన మొదటి రోజే, "ఏందే పాపా, గాలేస్తే కొట్టుకపోయేటట్టుండావ్, మీ ఇంట్లో అన్నం పెడతారా లేదా?" అని అడిగింది. ఆ రోజు నుంచి రోజూ నా క్యారియర్‌లో ఆమె చేతి ముద్ద ఒకటి పడాల్సిందే.

ఒకసారి సార్‌కని పూర్ణం పెట్టి ఓళిగలు చేసుకొచ్చింది. ఆయన రెండు తిని "నహీ నహీ, బస్ బస్" అన్నాడు. మా లెక్కలో అది ఇంకో రెండు వెయ్యమని. వేసింది. ఆయన మళ్ళీ నహీ నహీ అన్నాడు. ఆమె ఇంకోటి వేసి పైన నెయ్యి కూడా పోసింది. మరుసటి రోజు సార్ డ్యూటీకి రాలేదు. "మొగమాటానికి వద్దంటాండాడేమో అనుకుంటి గదనే! కడుపు నిండిన మనిషి చెయ్యి అడ్డం పెట్టాల గానీ నోటితో అంటే ఎట్ల తెలుస్తాది?" అని అక్క నెత్తి కొట్టుకుంది. మేము నవ్వలేక చచ్చాం.

ఆ తర్వాత వచ్చింది తిరిగి చెప్పే రూలు. పాలిష్ మిషన్ బెల్టు కింద రాతి బురద పేరుకుంటుంది. మిషన్ ఆపి, ఒక మనిషి వంగి రోలర్ల మధ్యకు చెయ్యి పెట్టి దాన్ని గీకాలి. ఆ పని తమ్ముడిది. బటన్ అక్కది. చెయ్యి పెట్టేవాడు "లోపలున్నా" అని అరవాలి, బటన్ దగ్గరున్న మనిషి "లోపలున్నావు" అని తిరిగి అరవాలి. పని అయ్యాక "బయటున్నా", "బయటున్నావు". తిరిగి చెప్పారంటే విన్నట్టు లెక్క అని సార్ హిందీలో చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను. రూలు మంచిదే. కానీ ఒకరన్న మాటను అన్నట్టే తిరిగి అనడాన్ని మేము ఎక్కిరించడం అంటాం. చిన్నప్పుడు మా తమ్ముడూ నేనూ జుట్లు పట్టుకున్నదంతా దానికే. కొద్దిరోజులు గడిచాయో లేదో ఫ్యాక్టరీలో అది ఆటయిపోయింది. ఒకరు "నీళ్ళకు పోతాండా" అంటే నలుగురు "నీళ్ళకు పోతాండావు" అని అరవడం, ఇంకొకరు తుమ్మితే అందరూ తుమ్మడం. అక్కయితే రాగం తీసి మరీ అనేది. "సక్కంగా చెప్పక్కా" అని తమ్ముడు లోపలినుంచి కసురుకుంటే, "సక్కంగా చెప్పక్కా" అని దాన్నీ తిరిగి అనేది. సార్ దూరం నుంచి చూసి, అందరూ ఎంత బాగా పాటిస్తున్నారో అని మురిసిపోయేవాడు.

ఆ రోజు పొద్దుటినుంచీ కరెంటు పోతూ వస్తూ ఉంది. నేను ఆఫీసులో లారీ బిల్లు కొడుతున్నాను. షెడ్డులోంచి ఒక అరుపు వచ్చింది. నేను పరిగెత్తేసరికి, అరుపు విని వచ్చినవాళ్ళెవరో మిషన్ ఆపేశారు. తమ్ముడి కుడిచెయ్యి రోలర్ల మధ్య ఉంది. అక్క అతని నడుము పట్టుకుని లాగుతూ, "అయ్యో నా నాయనా, అయ్యో నా నాయనా" అంటూనే ఉంది. సార్ తన కార్లోనే ప్రొద్దుటూరుకు తీసుకుపోయాడు. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు. చెయ్యి మాత్రం మణికట్టు పైదాకా తీసేశారు.

కరెంటు పోయి వచ్చినప్పుడు మిషన్ దానంతటదే తిరిగిందని అక్క చెప్పింది. అంతకుముందు ఒకసారి అట్లా తిరిగింది కూడా. ఆ సమయానికి మిగతావాళ్ళు టీకి పోయారు, చూసినవాళ్ళు లేరు. మేమందరం అదే అనుకున్నాం. కానీ పెద్దాఫీసు నుంచి ఫోన్ మీద ఫోన్. ఎవరైనా బటన్ నొక్కి ఉంటే ఆ మనిషిని పనిలోంచి తీసెయ్యాలి, స్టేషన్‌లో కంప్లయింటు ఇవ్వాలి. సార్ అక్కను ఆఫీసులోకి పిలిపించాడు. నేను పక్కన నిలబడ్డాను. ఈసారి తెలుగులో తానే అడుగుతానన్నాడు. రాత్రిపూట ఫోన్‌లో చూసి నేర్చుకుంటున్నాడంట.

"స్విచ్ మీరు వేశారా?"

"ల్యా సార్. కరెంటు పొయ్యొచ్చింది."

సార్ తలూపి, కొంచెం ఆగి, అదే గొంతుతో మళ్ళీ అడిగాడు. "స్విచ్ మీరు వేశారా?"

"చెప్తి గదా సార్, కరెంటు పొయ్యొచ్చిందని."

నేను హిందీలో అడ్డం పడబోయాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. "అమ్మా, స్విచ్ మీరు వేశారా?"

అక్క రెండు రాత్రులుగా ఆస్పత్రి వరండాలో కూర్చుని వచ్చిన మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక్కసారిగా లేచి బల్ల మీద గుద్దింది. "ఆ! నేనే వేసినా! నేనే వేసినా పో! నా తమ్ముని చెయ్యి నేనే తీసినా! ఏం జేస్తావో జెయ్యి పో!" అని కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది.

సార్ మొహం తెల్లబోయింది. ఒప్పేసుకుంది, అన్నాడు నాతో. ఒకసారి కాదు, అన్నిసార్లు చెప్పింది, నా చెవులతో విన్నాను, అన్నాడు. ఆయన గొంతులో సంతోషం లేదు, నిజంగానే బాధపడుతున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సార్, అది ఒప్పుకోవడం కాదు సార్, కోపం సార్ అన్నాను. వెయ్యని మనిషే అట్లా అంటుంది, వేసిన మనిషి అంత గట్టిగా అనదు, ఏదో మూల కూర్చుని ఒక్కసారి అంటుంది అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. కోపంలో మనిషి ఒకసారి తప్పు మాట అనొచ్చు, అన్నిసార్లు ఎట్లా అంటుంది? అదీ ఆయన అడిగేది. చెప్పీ చెప్పీ నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అక్కకు పని పోతే, పైన పోలీసులు కూడా తోడైతే, చెయ్యి లేని ఆ తమ్ముణ్ణి ఎవరు చూస్తారు? ఆ భయంతోనే నాకు ఒక ఉపాయం తట్టింది.

గేటు దగ్గర వాచ్‌మన్ మామ ఉంటాడు, కమలాపురం మనిషి, నెమ్మదిగా బీడీ కాల్చుకుంటూ ఎవరి జోలికీ పోడు. సార్‌ను తలుపు వెనక నిలబెట్టి, మామను లోపలికి పిలిచాను.

"మామా, నా బాటిల్‌లో నీళ్ళు నువ్వు తాగినావా?"

"ల్యా పాపా. నాకు యాల నీ నీళ్ళు?"

"నిజంగా నువ్వు తాగలేదా?"

"ల్యాదంటి గదమ్మా."

"కాదు మామా, సరిగ్గా చెప్పు, నువ్వే తాగినావా?"

మామ బీడీ కింద పారేశాడు. "ఆ, నేనే తాగినా! నీ బాటిలే గాదు, పెన్నలో నీళ్ళన్నీ నేనే తాగినా! మైలవరం డ్యామూ నేనే తాగినా! పట్టుకోని పో నన్ను టేసన్‌కు!"

తలుపు వెనకనుంచి సార్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతూ బయటికొచ్చాడు. మామకు సంగతి చెప్పేసరికి, "ఓసి నీ పాసుగూల, ముసలోన్ని పట్టుకోని నాటకాలు ఆడిస్తాండావా" అని నా నెత్తిన మొట్టాడు. సార్ కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. మీ వాళ్ళను అడిగిందే అడగకూడదన్నమాట, అన్నాడు. అవును సార్, ఒక్కసారి అడగండి, మెల్లగా అడగండి అన్నాను. అయితే ఆదివారం ఆస్పత్రిలో ఆమెను నువ్వే మెల్లగా ఒక్కసారి అడిగి రా, సోమవారం పెద్దాఫీసుకు ఫోన్ చేసి ఎవరూ నొక్కలేదని చెప్పేస్తాను అన్నాడు. అడగాల్సిన పనే లేదనుకున్నాను. ఆ సాయంత్రం బస్సులో నిలబడే వచ్చినా కాళ్ళు నొప్పి తెలియలేదు. అంత గర్వం నాకు.

ఆదివారం సాయంత్రం చీనీకాయలు కొనుక్కుని ఆస్పత్రికి వెళ్ళాను. మా ఇంటికి దగ్గరే. తమ్ముడు దిండుకు ఆనుకుని ఉన్నాడు. చెయ్యి కట్టు చూడలేక నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. అక్క నేను తెచ్చిన చీనీకాయ ఒకటి ఒలుస్తూ ఉంది. సార్‌కు ఎట్లా నచ్చజెప్పానో, మామ పెన్న నీళ్ళన్నీ ఎట్లా తాగాడో చెప్పాను. నేనే చెప్పి నేనే నవ్వాను. వాళ్ళిద్దరూ నవ్వలేదు.

తమ్ముడు అక్క వైపు చూసి అడిగాడు. "నువ్వే వేసినావా అక్కా?"

"కోపానికి అన్నదిలే అన్నా, అది చెప్తాండాను గదా..." అని నేను అందుకోబోయాను.

అక్క చేతులు ఆగిపోయాయి. "నేనే వేసినా" అంది.

అంతే అంది. నేను విన్నది నిజమేనా అని అక్క మొహం చూశాను. ఆమె తొనలకేసి చూస్తూ ఉంది. కాసేపటికి, "నువ్వు లోపలున్నా అంటివి. లోపలున్నావు అని నేనూ అంటి. అంటానే వేసినా. నోటితో ఒకటి అంటాండా, చెయ్యి దాని పని అది చేసింది. అంతేరా. యాల వేసినానో నాకే తెల్దు" అంది. ఏడవలేదు.

తమ్ముడు తన కట్టు వైపు చూసుకున్నాడు. "నువ్వు లోపలున్నావు అన్నది నాకు ఇనపడింది" అన్నాడు. "నువ్వు అట్లంటివని, సరేలే అని మోచేతిదాకా పెడితి."

ఆ రూలు తెలుగులో చెప్పిన నోరు నాదే. అప్పుడు తమ్ముడు నా వైపు తిరిగాడు. "పాపా, ఈ మాట ఈడ్నే ఉండనీ. అక్కకు పని పాయెనంటే మేమిద్దరం యాడ బతకల్ల?" అన్నాడు. నేను తలూపాను. అతను ఎడమచెయ్యి ముందుకు చాపాడు. అక్క ఒక తొన ఒలిచి, గింజలు తీసి, అతని చేతిలో పెట్టకుండా నోట్లోనే పెట్టింది.

ఇంటికి నడిచి వస్తుంటే నాకు కోపం వచ్చింది. అక్క మీద కోపం వచ్చింది, నన్ను నమ్మించినందుకు. నమ్మించలేదే, బల్ల గుద్ది ఉన్నమాటే చెప్పింది కదా, అది అబద్ధమని మేనేజర్‌కు నాటకం ఆడి మరీ నేర్పింది నువ్వే కదా అని నామీద నాకే కోపం వచ్చింది. ఆమెకు కూడా అప్పుడు తెలుసో లేదో, ఆ అరుపులో నిజం చెప్పుకుందో, నిజం కప్పుకుందో. పోనీ సార్‌కు ఉన్నది చెప్పేద్దామా అంటే, ఆ ఎడమచెయ్యి చాపిన మనిషి కళ్ళముందు కనబడుతున్నాడు. చెప్పకుంటే రేపు ఇంకొకడు అదే మిషన్ కింద చెయ్యి పెడతాడు, ఇంకెవరో లోపలున్నావు అని రాగం తీస్తారు. ఎటు చూసినా నాకు దారి కనబడలేదు. ఏమైందే అని అమ్మ అడిగింది. ఏం లేదన్నాను. అన్నం సహించలేదు.

సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి సార్ ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వాచ్‌మన్ మామ టీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెడుతున్నాడు. సార్ నన్ను చూసి నవ్వి, తెలుగులోనే అడిగాడు.

"ఆమె స్విచ్ వేసిందా?"

అడిగి నోరు మూసుకున్నాడు. పైగా పెదాల మీద వేలు పెట్టుకుని, చూశావా, ఇంకోసారి అడగనులే అన్నట్టు కళ్ళెగరేశాడు. నేను చెప్పిన పాఠం బాగానే ఒంటబట్టింది ఆయనకు.

"వెయ్యలేదు సార్" అన్నాను. ఆయన పెదాల మీద వేలు తియ్యలేదు. "వెయ్యలేదు. ఆమె వెయ్యనే లేదు సార్, వెయ్యలేదు" అన్నాను.

"పక్కా పక్కా" అని సార్ సంతోషంగా నంబర్ నొక్కడం మొదలుపెట్టాడు. మామ గ్లాసు పెట్టబోతూ ఆగి, తలెత్తి నా మొహంలోకి చూశాడు. నేను బిల్లుల కట్ట దగ్గరికి లాక్కున్నాను. మామ గ్లాసు బల్ల మీద పెట్టి, నన్నేమీ అడగకుండా బయటికి పోయాడు.